గోడలోకి వెళ్ళిన వైరు

పిన్ని గుమ్మం ముందు నిలబడి గంట నొక్కీ నొక్కీ విసిగిపోయిన తక్కెడమ్మను కిందటి వారం అక్కడే వదిలి వచ్చాం. ఆ తలుపు తెరుచుకోలేదు. లోపల ఎవరైనా ఉన్నారో లేరో చెప్పడానికి బయట తాళం కప్ప కూడా లేదు. లోపలి నుంచైనా బయటి నుంచైనా తాళంచెవితో ఒకేలా పడే గడియ అది.

ఆ వారం పత్రిక అందనివారికి సంగతి క్లుప్తంగా చెప్పాలి. తక్కెడమ్మకు నాన్న తరఫు బాబాయి, పిన్ని ఒకే ఇంట్లో ఉంటారు, హాలుకు అడ్డంగా గోడ కట్టించుకుని. బాబాయి ఇటు, పిన్ని అటు. ఆరేళ్ళుగా ఇద్దరి మధ్యా మాటల్లేవు. విడాకుల ఊసు ఎవరూ ఎత్తలేదు. వీధి వైపు రెండో తలుపు వెలిసింది, రెండో గంట వచ్చింది, రెండో కరెంటు మీటరు వచ్చింది. గొడవ ఎందుకొచ్చిందో ఇద్దరూ చెప్పరు. తక్కెడమ్మ వాళ్ళమ్మకు తెలుసు, ఆవిడా చెప్పదు. ఇన్నేళ్ళ తరవాత ఇప్పుడు ఒక బిల్డరు దిగాడు. ఇల్లు మొత్తం కొని పడగొడతానంటున్నాడు. బాబాయి ససేమిరా అన్నాడు. పిన్ని మాత్రం సరేనందని బిల్డరు ఊరంతా చెప్పుకుంటున్నాడు. అందులో నిజమెంతో చూసి రమ్మని, వీలైతే ఇద్దరినీ ఒకచోట కూచోబెట్టి మాట్లాడించమని అమ్మ పంపగా తక్కెడమ్మ సెలవు పెట్టి వచ్చింది.

తక్కెడమ్మ అన్నది అసలు పేరు కాదు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేరిన రోజున బాబాయి పెట్టిన పేరు. చుట్టాలందరి నోటా అదే స్థిరపడిపోయింది. కొట్టుకొట్టుకూ తిరిగి కాటాలు సరిగా తూగుతున్నాయో లేదో చూసి ముద్ర వేయడం ఆమె పని. ముల్లు కాస్త పక్కకు ఒరిగినా ఎందుకు ఒరిగిందో తేలేదాకా అక్కణ్ణుంచి కదలదు. ఈ గుణం ఉద్యోగంలో మంచిపేరు తెచ్చింది, ఇళ్ళల్లో మాత్రం ఆమె వస్తోందంటే చుట్టాలు కొంచెం జంకుతారు.

పిన్ని తలుపు దగ్గర ఓడిపోయి వచ్చి బాబాయి వైపు హాల్లో కుర్చీలో కూలబడ్డాక ఆమెకు మొదట కొట్టొచ్చినట్టు కనిపించింది ఇంట్లోని నిశ్శబ్దం. చిన్నప్పుడు సెలవులకు వస్తే ఈ ఇంట్లో పాట ఆగేది కాదు. బాబాయి సౌండ్ సర్వీసు నడుపుతాడు. సభలకు, నాటకాలకు మైకులు, స్పీకర్లు అద్దెకిస్తాడు, తనే వెళ్ళి బిగిస్తాడు. ముందుగదిలో ఇప్పటికీ మైకు స్టాండ్లు మూలకు జారబడి ఉన్నాయి. వైర్ల చుట్టలు మేకులకు వేలాడుతున్నాయి. అద్దె సరుకు సంగతి ఎలా ఉన్నా, ఇంట్లో తన కోసం కొనుక్కున్న సెట్టు మీద ఆయనకు ప్రాణం. హోమ్ థియేటర్ రిసీవరు అంటారే, ఆ నల్లటి బరువైన పెట్టె. దానికి సినిమా హాల్లోలా నాలుగు మూలలా స్పీకర్లు పెట్టుకోవచ్చు గానీ బాబాయి ఎప్పుడూ రెండే పెట్టాడు, ఎడమ ఒకటి, కుడి ఒకటి. పాటకు రెండు చెవులు చాలునని ఆయన వాదన.

ఆ సెట్టు ఇప్పుడు పలకడం లేదు.

అడిగితే మూగబోయి నెల కావస్తోందన్నాడు. స్విచ్చు వేస్తే దీపం వెలుగుతుంది, పాట ఎత్తుకుంటుంది, ఒక్క పదం పూర్తికాకుండానే లోపల టక్కుమని చప్పుడై ఆగిపోతుంది. ముందున్న గాజుపట్టీ మీద ‘ప్రొటెక్ట్’ అని అక్షరాలు మిణుకుమిణుకుమంటాయి. తనకు ఏదో హాని జరగబోతోందని పసిగట్టి పెట్టె తనంతట తానే నోరు మూసుకుంటోందన్నమాట. బాబాయి ఆ మాట చెప్పి, కళ్ళు ఆనడం లేదని, వెనకాల వంగి చూడాలంటే నడుం పట్టేస్తోందని, ఎవరికైనా ఇచ్చి చూపించాలని అంటూ మాట దాటేశాడు.

తక్కెడమ్మ మనసులో ముల్లు ఒరిగింది. ఊరందరి మైకులూ బాగుచేసే మనిషి తన సెట్టును తాను బాగుచేసుకోడేం? మొన్న ఎవరిదో పెళ్ళిలో పాడైన ఆంప్లిఫయరును ఒళ్ళో పెట్టుకుని సన్నటి తీగ అతికిన మనిషికి ఇక్కడికొచ్చేసరికి కళ్ళు ఎందుకు ఆనవు?

పిన్ని తలుపు తెరిచేదాకా ఎలాగూ చేతిలో పని లేదు. కొంగు దోపి పెట్టెను బల్ల మీద ముందుకు లాగింది. బాబాయి వద్దనలేదు, రమ్మనీ అనలేదు. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పేపరు తరవాత చాలాసేపు ఒక్క పేజీ కూడా తిరగలేదు.

పెట్టె వెనక బోలెడు రంధ్రాలు, మరలు. వాటిలో స్పీకర్ల వైర్లు బిగించే చోట రెండు జతలు మాత్రమే వాడుకలో ఉన్నాయి. ఎడమకు ఒక ఎర్రటిదీ నల్లటిదీ, కుడికి ఒక ఎర్రటిదీ నల్లటిదీ. కాటా పట్టుకున్నా ఇదే పద్ధతి: ముందు పళ్ళెం మీదున్నదంతా దించెయ్యాలి, ముల్లు సున్నాకు వస్తుందో లేదో చూడాలి. ప్లగ్గు పీకి నాలుగు వైర్లూ విప్పేసింది. ఒట్టి పెట్టెకు కరెంటు ఇచ్చి గొంతు పెంచింది. పట్టీ మీద ‘ప్రొటెక్ట్’ రాలేదు. అంటే పెట్టెలో జబ్బు లేదు. మళ్ళీ ఆపి ఎడమ వైరు బిగించింది. ఈసారి పాట వచ్చింది. గదిలో దుమ్ము అదిరేలా వచ్చింది. పేపరు వెనక బాబాయి భుజాలు కదిలాయి.

అదొక జంట పాట. ఆడగొంతు ఏదో అడుగుతోంది, మగగొంతు జవాబు చెప్పాల్సిన చోట మాత్రం తబలా ఒక్కటే గట్టిగా వినిపిస్తోంది. జవాబు ఎక్కడో గోడ అవతల నుంచి వచ్చినట్టు పీలగా ఉంది. కుడి స్పీకరు లేదు కాబట్టి అందులో రావలసిన సగం పాట రావడం లేదు. అంతవరకూ బాగానే ఉంది. ఎడమ స్పీకరునే విప్పి కుడి వైపు మరలకు బిగించి చూసింది. ఇప్పుడు మగగొంతు వచ్చింది, ఆడగొంతు పోయింది. పెట్టె కుడి వైపు కూడా ఆరోగ్యంగానే ఉందని తేలింది.

ఇక మిగిలింది కుడి వైరు. దాన్ని దాని చోట బిగించి స్విచ్చు వేసింది. ఒక్క పదం వచ్చి టక్కుమంది. మిణుకుమిణుకుమని అవే అక్షరాలు.

దొంగ దొరికింది. జబ్బు కుడి వైరులోనో, ఆ వైరు చివరున్న స్పీకరులోనో ఉంది. ఎక్కడో రెండు తీగలూ ఒకదానికొకటి తగులుతున్నాయి. అప్పుడు తక్కెడమ్మ తల తిప్పి హాలంతా పారజూసింది. ఎడమ స్పీకరు కిటికీ పక్కన ముక్కాలి పీట మీద ఉంది. కుడి స్పీకరు ఎక్కడా లేదు.

ఎక్కడుందని అడిగింది. ఎప్పుడో తీసేశానని పేపరు వెనక నుంచి జవాబు వచ్చింది. తీసేస్తే వైరు ఎందుకుంచావని అడిగింది. పేపరు ఇంకాస్త పైకి లేచింది.

ఆమె నేల మీద చతికిలబడి వైరును వేలితో పట్టుకుని అది పోయినచోటికల్లా పోయింది. వైరు బల్ల కిందినుంచి గోడ అంచు వెంబడి నడిచింది. పుస్తకాల అలమర వెనక్కి దూరింది. అలమరను రెండు చేతులతో జరిపితే వెనక బూజు, ఒక పాత పెన్ను, ఎండిపోయిన బల్లి గుడ్ల పెంకులు కనిపించాయి. వాటి మధ్య వైరు నేలకు జానెడు ఎత్తున తిన్నగా గోడలోకి వెళ్ళిపోయింది. కన్నం పెట్టి దూర్చినట్టు లేదు. వైరు చుట్టూ సిమెంటు గట్టిగా పట్టేసి ఉంది, గోడతో పాటే పుట్టినట్టు.

అది ఇంటి పాత గోడ కాదు. ఆరేళ్ళ కిందట లేచిన గోడ.

తక్కెడమ్మ లేచి, చీరకంటిన బూజు దులుపుకోకుండానే వచ్చి బాబాయి చేతిలోంచి పేపరు లాగేసింది. ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు. ఇంతసేపూ అక్షరం చదవలేదన్నమాట.

“కుడి స్పీకరు పిన్ని దగ్గరుంది కదా?” అంది.

బాబాయి ఉందేమోనన్నాడు. తరవాత, ఉండేదన్నాడు. చివరికి తనకు తెలీదన్నాడు. ఒకే ప్రశ్నకు మూడు జవాబులు చెప్పే కొట్టువాళ్ళను రోజూ చూసే మనిషి కాబట్టి తక్కెడమ్మ ఎదురుగా కుర్చీ వేసుకుని కూచుంది. ఆ కూచోవడం చూశాక బాబాయికి ఇక తప్పించుకునే దారి లేదని అర్థమైంది.

సామాన్లు పంచుకున్న రోజు సంగతి చెప్పాడు. మంచాలు, బీరువాలు, గిన్నెలు అన్నీ మాటా పలుకూ లేకుండానే పంచుకున్నారట. ఒకరు చేత్తో చూపించడం, ఇంకొకరు తలూపడం. సెట్టు దగ్గరికి వచ్చేసరికి పిన్ని వచ్చి కుడి స్పీకరు మీద చెయ్యి వేసింది. పెట్టె అడగలేదు, ఎడమది అడగలేదు. ఒక్క స్పీకరు, అదీ పెట్టె లేకుండా, దేనికి పనికొస్తుందని ఆయన అనబోయి ఊరుకున్నాడు. అది ఉన్నచోటే, అప్పటికే ఆవిడ భాగంలోకి వచ్చే మూలన ఉంది. మర్నాడు మేస్త్రి వచ్చి గోడ మొదలుపెట్టాడు.

“రెండో వరసకి వచ్చేసరికి వైరు అడ్డం తగిలింది. దీన్ని కోసెయ్యమంటారా అని అడిగాడు మేస్త్రి. నేను ఇటు నిలబడ్డాను, మీ పిన్ని అటు నిలబడింది. నేను మాట్లాడలేదు. ఆవిడా మాట్లాడలేదు. వాడు కాసేపు ఇద్దరి మొహాలూ చూసి, ఆ వైరు చుట్టూ ఇటుకలు పేర్చుకుంటూ పోయాడు.”

ఆనాటి నుంచి సెట్టు మూగబోయేదాకా ఆయన రోజూ పొద్దున కొట్టు తెరిచే ముందు, సాయంత్రం తిరిగొచ్చాక పాట పెట్టేవాడు. రెండు వైపులా గొంతు సమానంగా ఉంచి పెట్టేవాడు. ఇటు ఎడమ సగం వినిపించేది. అటు కుడి సగం వినిపించేదో, స్పీకరును ఆవిడ ఆ రోజే పీకి అటక మీద పడేసిందో ఆయనకు తెలీదు. గోడ మందం తొమ్మిదంగుళాలు. అవతలి చప్పుడు ఇటు రాదు.

తక్కెడమ్మకు నమ్మశక్యం కాలేదు. ఆయన దగ్గర కరెంటు తీగలు పరీక్షించే ముల్లు మీటరుంది. ఇటువైపున్న రెండు తీగల కొసలకూ దాని సూదులు ఆనిస్తే అవతల స్పీకరుందో లేదో ముల్లే చెబుతుంది. స్పీకరు ఉంటే ముల్లు ఒకచోట నిలుస్తుంది. లేకపోతే కదలనే కదలదు. తీగలు ఒకదానికొకటి తగులుకుని ఉంటే చివరిదాకా పోయి కొట్టుకుంటుంది. చిటికెలో తేలిపోయే పని.

“ఆరేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదా బాబాయ్? తెలుసుకోవాలనిపించలేదా?”

“తెలిస్తే ఏం చెయ్యాలో తెలీక చూడలేదు,” అన్నాడు బాబాయి. “ఉందని తెలిస్తే తలుపు కొట్టాలి. లేదని తెలిస్తే పాట ఆపెయ్యాలి. రెండూ నా వల్ల కాదు.”

నెల కిందట సెట్టు నోరు మూసుకున్నప్పుడు లోపం ఎక్కడుందో ఆయనకు క్షణంలో తట్టింది. అవతల ఎవరో తీగలు రెండూ కలిపేశారని తట్టింది. ఎవరో ఏమిటి, అక్కడున్నది ఒక్క మనిషే. ఇక చాలు, పాడింది చాలు అని ఆవిడ చెప్పినట్టు అనుకున్నాడు. అందుకే పెట్టె వెనక్కి వంగి చూడలేదు, నడుం మీద నెపం పెట్టాడు. కుడి వైరు ఒక్కటి పీకేస్తే ఎడమది హాయిగా పాడుతుందని తెలిసీ పీకలేదు. పీకితే తెగిపోయినట్టేనని భయం.

ఆ మాటలకు ఇంకొకరైతే ఊరుకునేవారేమో. తక్కెడమ్మ లేచి ముందుగదిలోకి వెళ్ళి, పనిముట్ల పెట్టె కెలికి మీటరు పట్టుకొచ్చింది. అరచేతి వెడల్పున్న పాత మీటరు, అద్దం కింద సన్నటి నల్లటి ముల్లు. బాబాయి వద్దు వద్దంటూనే లేచి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. కళ్ళజోడు కూడా తెచ్చుకున్నాడు.

కుడి వైరును పెట్టె నుంచి విప్పి, సూదులు రెండూ దాని కొసలకు ఆనించింది. ముల్లు గిరుక్కున కుడివైపు చివరికి పోయి కొట్టుకుంది. ఆ మీటరులో సున్నా అక్కడే. తీగలు కలిసే ఉన్నాయి. బాబాయి “చెప్పానుగా” అన్నట్టు ఒక నిట్టూర్పు విడిచాడు. ఆమె సూదులు తియ్యలేదు. ముల్లు నిలకడగా ఉందో లేదో చూడటానికి ఎప్పుడూ కొంచెంసేపు ఆగడం ఆమెకు అలవాటు.

అలా చూస్తుండగానే ముల్లు వణికింది. రెండుసార్లు కిందికీ పైకీ ఊగి, ఎవరో తాడు తెంపినట్టు ఎడమవైపుకు పడిపోయింది. తీగలు విడిపోయాయి.

తన చెయ్యి జారిందేమోనని తక్కెడమ్మ సూదుల వైపు చూసుకుంది. జారలేదు. కొంతసేపటికి ముల్లు మళ్ళీ కదిలింది. ఈసారి చివరిదాకా పోలేదు. మధ్యలోకి వచ్చి, ఆరుకూ ఏడుకూ నడుమ నిలిచింది.

“స్పీకరు,” అన్నాడు బాబాయి. “స్పీకరు బిగించింది.”

మెలిపడిన తీగలు విప్పి, వాటిని స్పీకరుకు బిగిస్తున్న చేతులు గోడకు అవతల ఉన్నాయి. ఇప్పుడే, ఈ నిమిషంలోనే. తక్కెడమ్మ ఆత్రం కొద్దీ సూది తీసి మళ్ళీ ఆనించింది, సరిచూసుకుందామని. బాబాయి ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు. మీటరులో బ్యాటరీ ఉంటుంది, సూది తగిలినప్పుడల్లా అవతల స్పీకరులో టిక్కుమంటుంది, ఆవిడకు వినిపించి ఉంటుందన్నాడు. వినిపిస్తే మంచిదే కదా అనబోతుండగా ముల్లు దానంతట అదే ఉలిక్కిపడింది. ఒకసారి. ఆగి ఇంకోసారి.

బాబాయి స్పీకరు ముందున్న అట్టను వేలితో నొక్కితే అది కూడా పిసరంత కరెంటు పుట్టిస్తుందని ఆమెకు వివరించాడు గానీ ఆ వివరం చెబుతున్నంతసేపూ కళ్ళు ముల్లు మీదే ఉన్నాయి. పెళ్ళైన కొత్తలో పిన్నికి ఈ కిటుకు చూపించాడట. స్పీకరు పలకడమే కాదు, వినగలదు కూడా. దాన్ని మైకు పెట్టెకు తగిలిస్తే అదే మైకు. వంటింట్లో ఒక స్పీకరు పెట్టి, ఆవిడ గిన్నెలు తోముతూ తీసే కూనిరాగాన్ని ముందుగదిలో కూచుని వినేవాడట. తెలిసిన రోజున ఆవిడ గరిటె పుచ్చుకుని వెంటబడింది. ఆ తరవాత కూడా స్పీకరు అక్కణ్ణుంచి తియ్యమని మాత్రం అనలేదు.

ఈ కథ పూర్తయ్యేసరికి తక్కెడమ్మ అద్దె సరుకులోంచి ఒక చిన్న మైకు పెట్టెను మోసుకొచ్చి బల్ల మీద పెట్టేసింది. సభల్లో చేత్తో పట్టుకుపోయే రకం, స్పీకరు దానిలోనే ఉంటుంది. వైరు కొసలు దాని మైకు రంధ్రానికి ఎలా తగిలించాలో బాబాయే చూపించాడు. సభల్లో వేలమంది ముందు చిటికెలో చేసే పనికి ఇక్కడ ఆయన క్లిప్పులు రెండుసార్లు విప్పి మళ్ళీ బిగించాడు. తిన్నగా వెళ్ళి తలుపు కొడదామని తక్కెడమ్మ ఒకసారి అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. తలుపు కొడితే ఆవిడ మళ్ళీ ఊరుకుంటుందేమోనని భయం.

గొంతు పెంచగానే పెట్టెలోంచి ముందు గాలి హోరు వచ్చింది. తరవాత నేల మీద కుర్చీ ఈడ్చిన చప్పుడు. ఎవరో దగ్గరగా కూచున్నారు. గాజుల చప్పుడు. చాలా దూరం నుంచి, డబ్బాలోంచి మాట్లాడినట్టున్నా, ఆ గొంతును పోల్చుకోవడానికి ఇద్దరిలో ఎవరికీ కష్టం కాలేదు.

“అమ్మాయీ, నువ్వేనా?” అంది పిన్ని. “ఇప్పుడే వచ్చాను. నువ్వు దిగావని ఎదురింటావిడ చెప్పింది. నా తలుపు దగ్గర నిలబడ్డావట. నేను ఊళ్ళో లేనమ్మా. మా చెల్లెలికి కాలు విరిగితే వెళ్ళి నెల దాటింది.”

బాబాయి బల్ల అంచు పట్టుకున్నాడు. నెల్లాళ్ళుగా ఆయన తన మీద కోపంతో వైరు కలిపేసిందనుకున్న మనిషి అసలు ఇంట్లోనే లేదు. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఆ గొంతు తన ఇంట్లో వినిపించి ఆరేళ్ళయింది. తక్కెడమ్మ ఆయన వైపు చూడకుండా మీటరు సూదులు తీసుకుని క్లిప్పులకు ఒకసారి తాకించింది. మైకు పెట్టె టప్పుమంది. అవతల కూడా వినిపించినట్టుంది, పిన్ని చిన్నగా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

“నీతో ఒక మాట చెప్పాలి. అది మీ బాబాయి చెవిన పడాలో వద్దో నాకింకా తెలీదు. ఆయన పక్కనుంటే ఒకసారి కొట్టు. లేకపోతే రెండుసార్లు.”

తక్కెడమ్మ చేతిలో సూదులు గాలిలో ఆగాయి. తలెత్తి చూస్తే బాబాయి రెండు వేళ్ళు చూపిస్తున్నాడు. అడుక్కుంటున్నట్టు చూపిస్తున్నాడు. తను అక్కడున్నానని తెలిస్తే ఆవిడ లేచిపోతుందని, ఆ గొంతు ఇంకాస్త వినాలని, అంతే. ఆ రెండు వేళ్ళను కాదనడం కష్టమే. కానీ ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన చేత్తో ఒక్క తప్పుడు తూకం మీద ముద్ర వెయ్యలేదు తక్కెడమ్మ. ఈ ఇద్దరి మధ్య మొదటి మాట అబద్ధంతో మొదలైతే ఆ తరవాత ఏ ముల్లూ సున్నాకు రాదని ఆమెకు అనిపించింది.

ఒక్కసారి తాకించి సూదులు బల్ల మీద పెట్టేసింది.

బాబాయి చెయ్యి కిందికి వాలిపోయింది. పెట్టెలో గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఆ హోరు సాగినకొద్దీ తను చేసింది తప్పేమోనని తక్కెడమ్మ అనుమానపడింది. లేచిన చప్పుడు రాలేదు. కుర్చీ కదలలేదు.

“ఏమండీ,” అంది పిన్ని.

ఇటు అన్నది అటు వినిపించదు. ఆ సంగతి మరిచిపోయి బాబాయి “ఊఁ” అన్నాడు.

“ఉన్నారుగా, ఉంటే వినండి. పొద్దునా సాయంత్రం మీరు పెట్టే పాట సగమే వస్తుంది నాకు. మిగతా సగం నేనే పాడుకుంటాను. ఆ సంగతి తరవాత మాట్లాడదాం.” ఆవిడ గొంతు సవరించుకుంది. “ఇవాళ తలుపు తీసేసరికి ఈ గది నేను వదిలివెళ్ళినట్టు లేదు. స్పీకరును పీట మీంచి దించి మూలన పెట్టారు. వైరు కొసలు రెండూ నీటుగా మెలిపెట్టి వదిలేశారు, కాళ్ళకి అడ్డం రాకుండా. గోడల నిండా పెన్సిలు గీతలు, అంకెలు. ఎవరో తీరిగ్గా వచ్చి ఇల్లంతా కొలుచుకుపోయారు. నేను ఏ బిల్డరుకీ సరేననలేదండీ. ఆ మనిషిని నేను చూడను కూడా లేదు.”

తక్కెడమ్మకు విషయం గబగబా అర్థమవుతోంది. గడియ విరగ్గొట్టలేదు. తలుపుకు గీత కూడా లేదు, పొద్దున తను కళ్ళారా చూసింది. వచ్చినవాడు తాళంచెవితో వచ్చాడు. పిన్ని తరఫున సరేనన్నవాళ్ళే ఆ చెవి ఇచ్చి ఉంటారు. ఎవరిచ్చారో అడగడానికి ఎన్నిసార్లు కొట్టాలో తెలీక సూదుల వైపు చూసింది. అడగవలసిన అవసరం లేకపోయింది.

“అమ్మాయీ, ఇది నీకు చెప్పడం నాకూ కష్టంగానే ఉంది,” అంది పిన్ని. ఈసారి గొంతు స్పీకరుకు మరీ దగ్గరగా వచ్చింది. “ఈ తలుపుకి రెండో తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంది. తోడబుట్టినదానికంటే ఎక్కువనుకుని నా చేత్తో ఇచ్చాను. మీ అమ్మకి.”

తక్కెడమ్మను ఇక్కడికి పంపింది అమ్మే. వెళ్ళేటప్పుడు బస్సు దగ్గర భుజం తట్టి, ఎలాగైనా వాళ్ళిద్దరినీ ఒప్పించమ్మా అంది. దేనికి ఒప్పించాలో విడమర్చి అనలేదు.

ఆమె బాబాయి వైపు తిరిగింది. వదినగారి పేరు ఇలా బయటపడ్డందుకు ఆయన అదిరిపడాలి, కోప్పడాలి, కనీసం నమ్మనని అనాలి. బాబాయి అవేమీ చెయ్యలేదు. ఆయన మొహంలో ఆశ్చర్యమే లేదు. ఎప్పటినుంచో వస్తుందని భయపడుతున్న చుట్టం గుమ్మంలోకి వచ్చేసినట్టు నిలబడి ఉన్నాడు.

“మీ అమ్మ అలా ఎందుకు చేసిందో మీ బాబాయికి తెలుసు,” అంటోంది పెట్టెలోంచి పిన్ని. “ఈ గోడ లేచింది కూడా అందుకే. ఆ రోజు మీ నాన్న...”

బాబాయి చెయ్యి చాచి మైకు పెట్టె స్విచ్చు ఆపేశాడు.